మూడో గది

గ్రిమ్స్‌బీలో, చేపల రేవుకి రెండు వీధుల వెనక
కౌన్సిల్ భవనంలో మూడో గది.
ఒక సోఫా, చక్రం ఊడిన ఫైరింజను బొమ్మ,
గోడ గడియారం, దాని కింద నేను.
నా పని చూడడం.
చూసింది రాయడం.
రాసింది ఎవరి పక్షమూ కాకుండా చూసుకోవడం.

మంగళవారం. తల్లి డైవా తొమ్మిది నిమిషాలు ఆలస్యం.
అలాగే రాశాను.
ఒంటి మీద చేపల ఫ్యాక్టరీ వాసన.
అది రాయలేదు.
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నావిడ రాసింది,
ఏడో పేజీలో ఉంది: "తల్లి దగ్గర దుర్వాసన."
మా నాన్న ముప్పై ఏళ్ళు అదే వాసనతో ఇంటికొచ్చాడు.
మేం దాన్ని జీతం వాసన అనేవాళ్ళం.

అయినా ఫైలు అబద్ధం కాదు. అదీ చెప్పాలి.
జనవరిలో, తెల్లవారుజాము నాలుగింటికి
నాలుగేళ్ళ ఉగ్నియస్ పైజమాలో,
ఒక కాలికే మేజోడుతో
అమ్మని వెతుక్కుంటూ వీధిన పడ్డాడు.
ఆమె రాత్రి షిఫ్టులో ముళ్ళు తీస్తోంది.
వాణ్ణి చూసుకోవాల్సిన పై అంతస్తు అమ్మాయి
ఆ రాత్రి రాలేదు.
ఫోన్ చేసిన పొరుగావిడ తప్పు చేయలేదు.
తలుపు తట్టిన పోలీసు తప్పు చేయలేదు.
తప్పు చేయనివాళ్ళంతా కలిసి
ఒక పిల్లాణ్ణి కారెక్కించారు.

హక్కుల కాగితం ఆమె చేతికిచ్చారు.
ఖర్చు లేకుండా లాయరుని పెట్టుకోవచ్చు.
కోర్టులో తన మాట తాను చెప్పుకోవచ్చు.
బిడ్డ మీద తల్లి బాధ్యత ఎక్కడికీ పోలేదు,
ఇకపై కౌన్సిల్‌తో పంచుకుంటుంది.
పంచుకోవడమంటే, అని అడిగింది డైవా,
వాడి జుట్టు ఎవరు కత్తిరించారు?
ప్రశ్న రాసుకున్నాను.
జవాబు గడి ఇంకా ఖాళీగానే ఉంది.

దుబాసీ రాని రోజు ఇంగ్లీషే మాట్లాడాలి.
నాకు అర్థం కానిది నేను రాయలేను కదా.
ఆ రోజు దుబాసీ రాలేదు.
ఆమెకొచ్చిన ఇంగ్లీషు ఫ్యాక్టరీ నేర్పింది:
ఆపు. త్వరగా. గ్లవ్స్. బ్రేక్ పది నిమిషాలు.
ఆ నాలుగు ముక్కల్తో కొడుకుని ముద్దు చేయాలి.
"గ్లవ్స్ గుడ్," అంది, వాడి చేతులు పట్టుకుని.
వాడు నా వైపు చూశాడు,
ఈవిడెవరు అన్నట్టు.

అప్పుడు పెదవులు బిగించి
ఏదో కూనిరాగం తీసింది.
మాటలు లేవు. ఏ భాషా కాదది.
రూల్సు పుస్తకం మనసులోనే తిరగేశాను:
మూసిన పెదవుల గురించి అందులో ఏమీ లేదు.
పిల్లాడు బండి వదిలేసి వచ్చి
ఆమె గొంతు మీద అరచెయ్యి ఆనించాడు,
ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో తడుముతూ.
"రెండూ నలభై ఒకటి. తల్లీ బిడ్డా" అని రాసి
ఎలా ముగించాలో తెలియక
చుక్క పెట్టేశాను.

సాయంత్రం బస్టాపులో నిలబడి
మొదటిసారి ఆ వేళల పట్టిక చదివాను.
ఆమె షిఫ్టు ఇప్పుడు పగటి పూట, రెండింటికి వదుల్తారు.
బస్సు ఇక్కడికి చేరేది రెండూ ఇరవై నాలుక్కి.
మేం రమ్మనేది రెండుంపావుకి.
తొమ్మిది నిమిషాలు.
నా చేతిరాతలోనే పంతొమ్మిది సార్లు "ఆలస్యం".
జడ్జి ఎదట అవి వరసగా చదివితే
ఎలా వినబడతాయో తెలుసు నాకు.

రెండున్నరకి మార్పించాను. సంతకాలకి మూడు వారాలు పట్టింది.
దాంతో ఏం తేలిందని అడక్కండి,
కేసు ఇంకా నడుస్తోంది.

నిన్న వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర వాడు
"ఇకీ" అన్నాడు, ఒక్క మాట, వాళ్ళ భాషలో.
ఆ రోజు దుబాసీ ఉన్నాడు. అడిగాను.
సెలవు తీసుకునేటప్పుడు అంటారట.
విడిగా అర్థం చెప్పమంటే
కాసేపు ఆలోచించాడు:
"వరకు."
దేని వరకు?
అంతే మేడమ్, అన్నాడు, మిగతాది ఉండదు.